వస్తువు దక్కింది.. ఇల్లూ దక్కాలి

పాతబస్తీకి మెట్రో వస్తోందన్న కబురుతో పాటే ఓ ప్రశ్న కూడా వచ్చింది. నాలుగు శతాబ్దాల నగరంలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? దానికి జవాబు సాలార్‌జంగ్ మ్యూజియం నుంచి కాచిగూడ రైల్వేస్టేషన్ దాకా ఉన్న దారిలోనే ఉంది.

పన్నెండు కావస్తోంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం ముందున్న చోటంతా ఎప్పుడో నిండిపోయింది. యూనిఫాంలో వచ్చిన బడిపిల్లల్ని టీచర్లు ముందు వరసలో సర్ది కూర్చోబెడుతున్నారు. వెనక నిలబడ్డవాళ్లు చంకలోని పిల్లల్ని భుజాల మీదికి ఎక్కించుకుంటున్నారు. అద్దాల వెనక చిన్న కమ్మరి బొమ్మ సుత్తితో ఒక్కో సెకనూ కొడుతోంది. గంటకు కాస్త ముందు పై అంతస్తు తలుపు తెరుచుకుని మరో బొమ్మ బయటికొస్తుంది. ఆ బుల్లి మనిషి పన్నెండుసార్లు గంట మోగించి లోపలికి వెళ్లేదాకా అందరి కళ్లూ అటే. మోత ఆగగానే జనం చెదిరిపోతారు. కలకత్తాకు చెందిన కుక్ అండ్ కెల్వీ పేరున్న ఈ గడియారం దగ్గర ఆగకుండా హైదరాబాద్ చూశామని చెప్పుకునే కుటుంబం ఉండదేమో.

మూసీకి అవతల, కొద్ది కిలోమీటర్ల దూరంలో కాచిగూడ స్టేషన్ ఉంది. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన రైలు దిగిన జనం నెత్తిన మూటలు, చేతిలో సంచులు, కొంగు పట్టుకున్న పిల్లలతో గబగబా బయటికి నడుస్తుంటారు. వాళ్ల తలల మీద తెల్లటి గుమ్మటాలు, మినార్లు. 1916లో కట్టిన భవనం అది. ఒకప్పుడు నిజాం రైల్వేకు కేంద్ర కార్యాలయం. స్టేషన్ ఆవరణలోనే ఆ రైల్వే చరిత్ర చెప్పే చిన్న మ్యూజియం కూడా ఉంది. కానీ అక్కడ ఆగేవాళ్లు అరుదు. ఆటో దొరుకుతుందా, సిటీ బస్సు ఎన్నింటికి అన్నదే అందరి ధ్యాస.

ఒకచోట వస్తువులు భద్రంగా ఉన్నాయి గానీ అవి ఏ ఇంటివో, ఏ వీధివో ఆ ఇల్లూ వీధీ ఇప్పుడు లేవు. ఇంకోచోట కట్టడం నిక్షేపంగా ఉండి రోజూ పనిచేస్తోంది గానీ దాని కథ వినేవాళ్లు అరుదు. హైదరాబాద్ చరిత్ర ఇలా రెండు ముక్కలై ఉంది. కట్టడాన్ని నిలబెట్టేది వాడుక. ఆ వాడుకకు అర్థం చెప్పేది మ్యూజియం. ఒకటి లేకుండా రెండోది ఎక్కువ కాలం నిలవదు. పాతబస్తీ ఇప్పుడు నిలబడ్డ మలుపులో ఈ మాట గట్టిగా చెప్పుకోవాల్సిన అవసరం ఉంది.

మెట్రో తెచ్చిన ప్రశ్న

మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దగ్గర ఆగిపోయిన మెట్రోను చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు పొడిగించే పనికి 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. పాతబస్తీ జనం ఏళ్ల తరబడి అడుగుతున్న మెట్రో ఇది. నగరంలో మిగతా వైపులకు రైలు పరుగెడుతుంటే తమకే ఎందుకు లేదన్న వాళ్ల ఆవేదనలో న్యాయముంది. అయితే ఆ దారి దారుల్‌షిఫా, శాలిబండ, ఫలక్‌నుమా మీదుగా వెళుతుంది. రోడ్డు విస్తరణకు, స్టేషన్లకు వెయ్యికి పైగా ఆస్తులు ప్రభావితమవుతాయని అధికారులే చెప్పారు. దారి పొడవునా వందకు పైగా ప్రార్థనా స్థలాలు, ఇతర సున్నితమైన కట్టడాలకు నష్టం లేకుండా పిల్లర్ల చోటు మారుస్తామన్నారు. వారసత్వ కట్టడాల మాట హైకోర్టు దాకా వెళ్లింది.

ఈ చర్చలో రెండు గొంతులే ఎక్కువగా వినబడుతున్నాయి. అభివృద్ధి కావాలంటే పాతది కొంత పోక తప్పదన్నది ఒకటి. పాతదేదీ ముట్టుకోవద్దన్నది రెండోది. రెండింటిలోనూ ఒకే పొరపాటుంది. చరిత్ర అంటే ప్రసిద్ధమైన నాలుగైదు కట్టడాలేనని, మిగతాదంతా ఖాళీ జాగా అని రెండు పక్షాలూ అనుకుంటున్నాయి. చార్మినార్‌కు గీత పడకపోతే చాలు, చరిత్ర దక్కినట్టేనన్న నమ్మకం అది. ఇంతకు ముందు ఆ నమ్మకంతో ఈ నగరం ఏం పోగొట్టుకుందో చెప్పడానికి సాలార్‌జంగ్ మ్యూజియం పుట్టిన చోటే సాక్ష్యం.

దివాన్ దేవ్డీ నేర్పిన పాఠం

మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1912లో నిజాం రాజ్యానికి ప్రధానమంత్రి అయ్యాడు. రెండేళ్లకే ఆ పదవి వదులుకున్నాడు. పెళ్లి చేసుకోలేదు. మిగిలిన జీవితమంతా, సంపాదనంతా వస్తువుల సేకరణకే ధారపోశాడు. తాతగారు మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్ నుంచి తెచ్చిన ‘వెయిల్డ్ రెబెకా’ శిల్పం అప్పటికే ఇంట్లో ఉంది. బెంజోనీ అనే ఇటలీ శిల్పి ఒకే పాలరాతిలో ముఖాన్నీ, ముఖం మీది పల్చటి మేలిముసుగునూ కలిపి చెక్కిన బొమ్మ అది. కాస్త దగ్గరగా నిలబడి చూస్తే ముసుగు కింద కనురెప్ప వాలిన తీరు, ముక్కు దూలం దగ్గర బట్ట సాగిన మడత కనిపిస్తాయి. రాయి అని తెలిసినా చెయ్యి చాపి ముసుగు తొలగించాలనిపిస్తుంది. ఇలాంటివి వేల కొద్దీ పోగై, సేకరణకు ఇల్లే చాలనంతగా పెరిగింది.

1949లో ఆయన వారసులు లేకుండా కన్నుమూశాడు. ఆ సంపద చెల్లాచెదురు కాకుండా ప్రభుత్వం పూనుకుంది. 1951 డిసెంబరు 16న ఆయన నివాసమైన దివాన్ దేవ్డీలోనే నెహ్రూ చేతుల మీదుగా మ్యూజియం ప్రారంభమైంది. 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో మూసీ ఒడ్డున కట్టిన కొత్త భవనంలోకి మారింది. ఇంతవరకూ గర్వించాల్సిన కథే. ఒక సంస్థానపు కుటుంబ సేకరణ దేశ ప్రజల ఆస్తిగా మారడం చిన్న విషయం కాదు.

కానీ వస్తువులు తరలిపోయాక దివాన్ దేవ్డీ ఏమైంది? మంత్రులు కొలువు తీరిన ఆ నివాస సముదాయంలో చాలా భాగం కూలిపోయింది, కూల్చేశారు. ఇప్పుడక్కడ రెడీమేడ్ బట్టల హోల్‌సేల్ దుకాణాలున్నాయి. పాత దర్వాజా కింద నుంచి సరుకు మూటలు వెళుతుంటాయి. రెబెకా దక్కింది. రెబెకా నిలబడిన ఇల్లు పోయింది. ఆ శిల్పం ఏ వరండాలో ఉండేది, దాని మీద ఏ కిటికీ వెలుగు పడేది, దాని దుమ్ము దులిపిన చెయ్యి ఎవరిది అన్న ప్రశ్నలకు ఇక జవాబు దొరకదు. వస్తువును కాపాడితే చరిత్రను కాపాడినట్టేనని అనుకోవడం వల్ల జరిగిన నష్టమిది. ఆ రోజు ఎవరూ చెడ్డ ఉద్దేశంతో ఆ పని చేయలేదు. మ్యూజియం ఉంది కదా అన్న ధీమాయే ఇంటిని వదిలేసేలా చేసింది.

---

ఒక రోజులో చూడాలంటే..

సాలార్‌జంగ్ మ్యూజియం, దారుల్‌షిఫా: వెయిల్డ్ రెబెకా, గంటల గడియారం, ఒకే దుంగలో ఒకవైపు మెఫిస్టోఫిలిస్, రెండోవైపు మార్గరెట్టాగా చెక్కిన కొయ్య బొమ్మ.

నిజాం మ్యూజియం, పురానీ హవేలీ: ఏడో నిజాం రజతోత్సవ కానుకలు, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ రెండంతస్తుల బర్మా టేకు బీరువాల వరస.

చౌమహల్లా ప్యాలెస్, ఖిల్వత్: దర్బారు హాలు, 19 బెల్జియం షాండ్లియర్లు, పాత కార్లు, అలనాటి ఛాయాచిత్రాలు.

కాచిగూడ స్టేషన్: 1916 నాటి భవనం, నిజాం రైల్వే మ్యూజియం.

మొదటి మూడింటికీ శుక్రవారం సెలవు. సాలార్‌జంగ్‌తో మొదలుపెట్టి, నడుస్తూ పురానీ హవేలీ, ఆపై చౌమహల్లా చూసుకుని చివరగా కాచిగూడ చేరితే దారి కలిసొస్తుంది.

---

వెండి నమూనాలు, నిజమైన గోడలు

పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం 2000 ఫిబ్రవరిలో మొదలైంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనకు పాతికేళ్లయిన సందర్భంగా అందిన కానుకలు ఇక్కడి ప్రధాన సంపద. అన్నింటికన్నా ఆలోచింపజేసేవి నగరంలోని ప్రముఖ కట్టడాలకు వెండితో చేసిన నమూనాలు. అరచేతిలో పట్టేంత కిటికీలు, గోరంత మెట్లు, వాటి కింద నిజాంను కీర్తించే ఉర్దూ రాతలు. ఆ కాలపు నగరం దేన్ని చూసుకుని మురిసిపోయిందో ఆ వెండి బొమ్మలు చెబుతాయి. ఆస్పత్రులు, కోర్టులు, విద్యాలయాలు కట్టడమే పాలకుడి ఘనతగా అప్పటి జనం ఎంచారన్నమాట.

ఆ మ్యూజియం నుంచి నయాపూల్ దాటితే ఉస్మానియా ఆస్పత్రి పాత భవనం కనబడుతుంది. 2020 జులైలో వాననీళ్లు వార్డుల్లోకి వచ్చాక ఆ భవనాన్ని ఖాళీ చేసి తాళం వేశారు. కూల్చాలా, బాగు చేయాలా అన్న వాదన ఏళ్ల తరబడి నడిచి, చివరికి గోషామహల్‌లో కొత్త ఆస్పత్రికి 2025 జనవరిలో శంకుస్థాపన చేశారు. వెండి బొమ్మలకు కాపలా, కెమెరాలు, అద్దాలు ఉన్నాయి. లక్షలమందికి ప్రాణం పోసిన గోడలకు పైకప్పు మరమ్మతు కూడా సకాలంలో అందలేదు. మన శ్రద్ధ ఎటు మొగ్గుతోందో ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ చెప్పక్కర్లేదు.

గాజు పెట్టెలో పెట్టిందంతా భద్రమేనన్న ధీమా కూడా నిజం కాదు. 2018 సెప్టెంబరులో ఇదే మ్యూజియంలోకి గోడ పైనున్న వెంటిలేటర్ గుండా దొంగలు తాడు కట్టుకుని దిగారు. వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ బాక్సు, కప్పు, సాసరు, చెంచా పట్టుకుపోయారు. పోలీసులు పది రోజుల్లోపే వాటిని తిరిగి తెచ్చారు గానీ, ఒక పాఠం మిగిలింది. చుట్టూ ఉన్న బస్తీ తనదనుకున్న చోటే ఏ సంపదకైనా అసలైన కాపలా. మ్యూజియం లోపల ఏముందో పక్క గల్లీ పిల్లలకు తెలియాలి, అది తమ ఊరి కథ అని వాళ్లు చెప్పుకోగలగాలి.

తలుపులు తెరిస్తే ఏమవుతుందో చౌమహల్లా చెబుతుంది

వాడుకే కట్టడాన్ని బతికిస్తుందన్న మాటకు నిదర్శనం కావాలంటే చౌమహల్లా చరిత్ర చూడాలి. 1750 ప్రాంతంలో సలాబత్ జంగ్ మొదలుపెట్టిన ఈ ప్రాసాదం అయిదో నిజాం అఫ్జల్ ఉద్దౌలా కాలానికి పూర్తి రూపం తెచ్చుకుంది. 1967లో ఏడో నిజాం మనవడు ముకర్రం జా పట్టాభిషేకం ఇక్కడే జరిగింది. ఆ తర్వాత ఆయన ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. మహల్ తలుపులు మూతపడ్డాయి. మూతపడిన మూడు దశాబ్దాలు తెరిచి ఉన్న రెండు శతాబ్దాల కన్నా ఎక్కువ చెడగొట్టాయి. కప్పులు కారాయి, చెదలు పట్టాయి, ఫొటోలు, దుస్తులు, కాగితాలు గదుల్లో మూలిగాయి. చుట్టూ ఉన్న స్థలం చాలావరకు చేతులు మారిపోయింది.

ముకర్రం జా మాజీ భార్య ఎస్రా పూనుకుని, వాస్తుశిల్పి రాహుల్ మెహరోత్రా పర్యవేక్షణలో పునరుద్ధరణ మొదలుపెట్టాక కథ మలుపు తిరిగింది. సున్నపు గచ్చు పని తెలిసిన మేస్త్రీలు మళ్లీ పనిలోకి వచ్చారు. 2005 నుంచి జనాన్ని లోపలికి రానిచ్చారు. 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూసిన ముకర్రం జా భౌతికకాయాన్ని తెచ్చి ఉంచింది ఈ ఖిల్వత్ హాల్లోనే. పాతబస్తీ జనం వరస కట్టి వచ్చి చూసి వెళ్లారు. మూతపడిన మహల్‌లో అది సాధ్యమయ్యేది కాదు. మహల్ జనానికి తెరుచుకుంది కనకే ఆ రోజు వాళ్లకు అక్కడికి వెళ్లాలనిపించింది.

వాడుక అనగానే ఏ వాడుకైనా ఒకటే అనుకోకూడదు. ఫలక్‌నుమా ప్యాలెస్ 2010 నుంచి విలాసవంతమైన హోటల్. కట్టడం అందంగా బాగైంది, అది మేలే. కానీ కొండ కింద ఫలక్‌నుమా రైల్వేస్టేషన్‌లో దిగే మనిషికి ఆ గేటు తెరుచుకోవడం కష్టం. కాపాడినదాన్ని చూసే హక్కు ఎవరికి ఉందన్నది కూడా కాపాడటంలో భాగమే. ఆ లెక్కన చూస్తే పాత పత్తర్‌గట్టీ దుకాణాల వరస గొప్ప ఉదాహరణ. 1908 వరదల తర్వాత నగర పునర్నిర్మాణంలో భాగంగా వచ్చిన ఆ రాతి ఆర్చీల కింద ఇప్పటికీ బట్టలు, అత్తర్లు అమ్ముతున్నారు. 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌ను 2020లో బాగుచేసి మళ్లీ దుకాణాలకే ఇచ్చారు. ఐస్‌క్రీమ్ తినడానికి వచ్చిన కుటుంబం తలెత్తి గడియారపు గోపురం చూస్తుంది. ఆ చూపుకు టికెట్ అక్కర్లేదు.

కాచిగూడ: నూరేళ్లు దాటినా ఆగని పని

ఇక కాచిగూడ. ఈ స్టేషన్ ఎందుకు పుట్టిందో అర్థం కావాలంటే 1908 సెప్టెంబరు 28కి వెళ్లాలి. ఆ రోజు మూసీ పొంగి సుమారు 15 వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతురినీ ఆ వరదలోనే పోగొట్టుకున్నాడు. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ విషాదం తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి జలాశయాల ఆలోచన చేశారు. 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీఖాన్ మరుసటి ఏడాదే నగరాభివృద్ధి బోర్డు పెట్టాడు. విన్సెంట్ ఎష్ అనే ఆంగ్లేయ వాస్తుశిల్పికి కొత్త నగరాన్ని గీయమని అప్పగించాడు. హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆస్పత్రి ఆయన గీసినవే. కాచిగూడ స్టేషన్ కూడా ఆ వరసలోదే. వరద మింగిన నగరం మళ్లీ నిలదొక్కుకున్న ఆనవాళ్లివి.

భవనాన్ని దగ్గరగా చూస్తే ఆ కాలపు జీవితం కనిపిస్తుంది. మధ్యలో పెద్ద గుమ్మటం, రెండు పక్కలా చిన్నవి, వాటికి తోడు మినార్లు. ఒక పక్కన పరదా పాటించే స్త్రీలు ఎవరి కంటా పడకుండా వచ్చి రైలెక్కడానికి ప్రత్యేకించిన చోటు. ఆ ఒక్క ఏర్పాటు ఒక పెద్ద విషయం చెబుతుంది. పరదా వదులుకోకుండానే ఆ స్త్రీలు ప్రయాణం మొదలుపెట్టారు. పుట్టింటికీ, దర్గాకూ, బంధువుల పెళ్లికీ రైలెక్కి వెళ్లారు. రైలు వచ్చి ఆచారాన్ని ఒక్కసారిగా తీసేయలేదు. ఆచారమూ ఆధునికతా ఒకే ప్లాట్‌ఫాం మీద ఎలా సర్దుకున్నాయో ఆ గోడ చూపిస్తుంది. ఇది ఏ పుస్తకంలో చదివినా ఇంత బాగా మనసుకు ఎక్కదు.

రైలు వెనక రాజకీయమూ ఉంది. వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో మొదటి రైలు వచ్చింది. ఖర్చు నిజాం ఖజానాది. తర్వాత లైనును బొగ్గు గనుల వైపు, చాందా వైపు పొడిగించే ప్రతిపాదన వచ్చింది. విదేశీ పెట్టుబడిదారుల లాభానికి నిజాం ప్రభుత్వం పూచీ పడే ఒప్పందం అది. దాని షరతులు జనానికి చెప్పాలని 1883లో నగరంలోని చదువుకున్నవాళ్లు అడిగారు. అలా అడిగినందుకు అఘోరనాథ్ ఛటోపాధ్యాయను రాజ్యం నుంచి పంపించేశారు. సరోజినీ నాయుడు తండ్రి ఆయన. ప్రజాధనంతో చేసే పని లెక్క ప్రజలకు చెప్పాలని ఈ గడ్డ మీద వినిపించిన తొలి గొంతుల్లో అదొకటి. మెట్రో ఒప్పందాల మీద ఇవాళ మనం వాదించుకుంటున్నామంటే ఆ సంప్రదాయానికి 140 ఏళ్ల చరిత్ర ఉంది. కాచిగూడ మ్యూజియంలో పిల్లలకు ముందుగా చెప్పాల్సిన కథ ఇదే.

---

పట్టాల వెంట కాలం

1874: వాడి-సికింద్రాబాద్ లైను ప్రారంభం.

1883: చాందా రైల్వే ఒప్పందంపై హైదరాబాద్‌లో ఆందోళన.

1889: కాజీపేట మీదుగా బెజవాడతో రైలు సంబంధం.

1916: కాచిగూడ స్టేషన్ నిర్మాణం.

1930: రైల్వేను కంపెనీ నుంచి నిజాం ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది.

1932: నిజాం రైల్వే కిందే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో బస్సు సర్వీసులు. నేటి ఆర్టీసీకి మూలం ఇదే.

1951: జాతీయ రైల్వేలో విలీనం.

1966: సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే.

---

పాలమూరు రేకు పెట్టె ఏది?

మన మ్యూజియాల్లో పాలకుల వస్తువులకు కొదవ లేదు. ఆరో నిజాం బట్టలు దాచుకున్న టేకు బీరువాలు పొడవాటి హాలంతా రెండంతస్తుల్లో ఉంటాయి. పై అంతస్తుకు వెళ్లడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు కూడా ఉంది. అది చూడాల్సిందే. కానీ ఆ లిఫ్టు తిప్పిన మనిషి పేరు మనకు తెలియదు. కాచిగూడ నుంచి దక్షిణానికి వెళ్లే లైను పాలమూరు (మహబూబ్‌నగర్), గద్వాల మీదుగా కర్నూలు వైపు సాగుతుంది. 1990ల్లో బ్రాడ్‌గేజి అయ్యేదాకా అది మీటర్‌గేజి. కరవు వచ్చిన ప్రతిసారీ పాలమూరు కూలీలు ఆ రైళ్లెక్కి వలస వచ్చారు. దేశమంతటా డ్యాములు కట్టారు, కాలువలు తవ్వారు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకు ఇటుకలు మోశారు. వాళ్ల రేకు పెట్టె, గంప, పార, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు చీటీ ఏ గాజు అరలో ఉన్నాయి? ఎర్రచొక్కా కూలీలు, గేట్‌మన్లు, గ్యాంగ్‌మన్లు, స్టేషన్ క్యాంటీన్ వంటవాళ్లు ఎక్కడ కనబడతారు?

నగర చరిత్ర అంటే వీళ్ల చరిత్ర కూడా. దీన్ని చెప్పడానికి స్టేషన్‌ను మించిన చోటు లేదు. రాజూ కూలీ ఇద్దరూ నడిచిన గచ్చు ఇంకెక్కడుంది? కాచిగూడ మ్యూజియం రైలింజన్ల చరిత్రతో ఆగకుండా ప్రయాణికుల చరిత్ర కూడా చేరిస్తే అది ఈ నగరంలో మరే మ్యూజియమూ చేయని పని అవుతుంది. దానికి వజ్రాలు కొననక్కర్లేదు. పదవీ విరమణ చేసిన రైల్వే ఉద్యోగుల మాటలు రికార్డు చేయాలి. వాళ్ల ఇళ్లలోని పాత టికెట్లు, లాంతర్లు, ఫొటోలు అడగాలి. చాలామంది సంతోషంగా ఇస్తారు.

అభ్యంతరాలు చిన్నవేం కావు

ఈ వాదన మీద గట్టి ప్రశ్నలున్నాయి. మొదటిది జన రద్దీ. స్టేషన్ ఉన్నది ప్రయాణికుల కోసం, పర్యాటకుల కోసం కాదు కదా అంటారు. సికింద్రాబాద్ స్టేషన్‌ను సుమారు 700 కోట్ల రూపాయలతో విమానాశ్రయంలా కడుతున్నారు. ఆ పనిలో భాగంగానే ఆర్చీలతో అందరికీ గుర్తున్న ముందు భాగం 2025లో నేలమట్టమైంది. రద్దీ నిజమే, సౌకర్యాలు కావాల్సిందే. కానీ అంతకన్నా రద్దీ ఉన్న ముంబై ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌కు 2004లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ స్టేషన్ ఇప్పటికీ లోకల్ రైళ్లు నడుపుతోంది, లోపలే మ్యూజియం నడుపుతోంది. న్యూయార్క్‌లో పెన్ స్టేషన్‌ను 1960ల్లో కూల్చాక పుట్టిన పశ్చాత్తాపమే అక్కడ వారసత్వ చట్టానికి ఊపిరిపోసింది. ఆ చట్టమే తర్వాత గ్రాండ్ సెంట్రల్‌ను కాపాడింది. పక్కన కొత్తది కట్టి పాతదాన్ని పనిలో ఉంచడం సాధ్యమేనని ఇవన్నీ చెబుతున్నాయి.

రెండోది భద్రత. పాత కట్టడాల్లో వాడకం ప్రమాదం కాదా? 2025 మే 18న గుల్జార్‌హౌజ్ దగ్గర జరిగిన అగ్నిప్రమాదం 17 మంది ప్రాణాలు తీసింది. ఆ కుటుంబపు కన్నీళ్ల ముందు వారసత్వం పేరు చెప్పి ఎవరూ తేలికగా మాట్లాడకూడదు. అందుకే వాడుక అంటే ఎవరికి తోచినట్టు వాళ్లు వాడుకోవడం కాదు. వైరింగ్ మార్చడం, రెండో దారి ఉంచడం, ఫైరింజన్ వచ్చేంత వీధి చూసుకోవడం కలిసిన వాడుక. పాత ఇళ్లవాళ్లకు ఈ పనులకు సాయమందిస్తే ప్రాణాలూ గోడలూ రెండూ దక్కుతాయి. సాయం లేకుండా నోటీసులిస్తే వాళ్లకు మిగిలేది కూల్చడం ఒక్కటే.

మూడోది అన్నింటికన్నా లోతైనది. ఈ మహళ్లు, గుమ్మటాలు రైతు చెమటతో, వెట్టిచాకిరీతో లేచినవి. రజాకార్ల అకృత్యాలు చూసిన కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఆ పాలన గుర్తులు ఎందుకు కాపాడాలి? ఈ కోపం న్యాయమైనది. కానీ గుర్తును చెరిపేస్తే అన్యాయపు సాక్ష్యం కూడా పోతుంది. ఖిల్వత్ దర్బారులో షాండ్లియర్ల పక్కనే ఆ వెలుగు ఖర్చు ఏ ఊళ్ల శిస్తు నుంచి వచ్చిందో రాసి పెట్టాలి. కాచిగూడ గోడ మీద నిజాం పాలన ముగిసిన 1948 సెప్టెంబరు 17 కూడా ఉండాలి. భవనాన్ని కాపాడటం పాలకుణ్ని పొగడటం కాదు. ఆ భవనంలో నిలబడి నిజం మొత్తం చెప్పే అవకాశాన్ని కాపాడుకోవడం.

నాలుగోది డబ్బు. వీధి దీపాలకే నిధులు చాలవు, మ్యూజియాలకెక్కడివి అంటారు. దీనికి సర్దార్ మహల్ చరిత్రలోనే జవాబుంది. 1900లో కట్టిన ఆ భవనాన్ని పన్ను బకాయి కింద 1965లో మున్సిపాలిటీ తీసుకుంది. దశాబ్దాలు ఆఫీసుగా వాడి, మరమ్మతు వాయిదా వేస్తూ పోయింది. చివరికి ఇప్పుడు పునరుద్ధరణకు పెద్ద పని పెట్టుకోవాల్సి వచ్చింది. ఏటేటా కాస్త ఖర్చు పెట్టి ఉంటే ఒకేసారి ఇంత భారం పడేది కాదు. కాపాడటం ఖరీదైనదిగా కనిపించేది ఆలస్యం చేసినప్పుడే.

ఇప్పుడు చేయాల్సింది

పాతబస్తీ మెట్రో దారిలో రెండు స్టేషన్లకు సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ పేర్లు పెడతామని ఇప్పటికే చెప్పారు. పేరు పెట్టడంతో పని పూర్తి కాదు. ప్రతి స్టేషన్ లోపలా ఆ చుట్టుపక్కల వీధి కథ ఉండాలి. ఎవరు కట్టారు, ఎవరు బతికారు, వరద ఎక్కడిదాకా వచ్చింది, ఏ వృత్తులు నడిచాయి అన్నది తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింట్లోనూ రాయాలి. సాలార్‌జంగ్, పురానీ హవేలీ, చౌమహల్లా, కాచిగూడ నాలుగింటికీ కలిపి ఒకే టికెట్ ఉంటే గడియారం చూసి వెళ్లిపోయే కుటుంబం సాయంత్రం దాకా నగరాన్ని చదువుతుంది. దివాన్ దేవ్డీ దర్వాజా దగ్గర ఒక రాతి పలక పెడితే రెబెకా పాత ఇల్లు ఎక్కడో పిల్లలకు తెలుస్తుంది. కాచిగూడ మ్యూజియాన్ని ప్రయాణికుల దారిలోకి, కళ్ల ఎదుటికి తేవాలి. రైలు ఆలస్యమైన అరగంటలో చూసి వెళ్లగలగాలి.

వీటన్నింటికన్నా అత్యవసరమైనది ఒకటుంది. మెట్రో కోసం తీసుకుంటున్న వెయ్యికి పైగా ఆస్తుల్లో ప్రతి ఇంటికీ కూల్చకముందే కొలతలు, ఫొటోలు, ఆ ఇంటివాళ్ల మాటలు సేకరించి భద్రపరచాలి. పరిహారం చెక్కు ఇచ్చే రోజే ఈ పనీ జరగొచ్చు. చెక్కిన తలుపు, నీటి హౌజు, రంగు అద్దాల కిటికీ లాంటివి వేలంలో పోకుండా ఆ వీధి స్టేషన్‌లోనే నిలపొచ్చు. దీనికి ఇంజినీర్లు, చరిత్ర చదివిన విద్యార్థులు, బస్తీ పెద్దలు కలిసిన చిన్న బృందాలు చాలు. కొంతమేర కూల్చివేతలు మొదలయ్యాయి గనక ఈ పని వచ్చే ఏడాదికి వాయిదా వేయడానికి వీల్లేదు. పాతబస్తీకి మెట్రో కావాలి, అందులో రెండో మాట లేదు. ఆ మెట్రో ఎవరి ఇళ్ల మీదుగా వచ్చిందో రేపటి ప్రయాణికుడికి తెలియాలి. ఆ బాధ్యత గుత్తేదారుకు వదిలేసేది కాదు, ప్రభుత్వం రాతపూర్వకంగా తీసుకోవాల్సింది, పౌరులు గట్టిగా అడిగి రాబట్టుకోవాల్సింది.